బందరు బజారు వెంట

ఈ సంచికలో మన గురువులను గూర్చియు, మందిరముల కట్టడములను గూర్చియు, స్త్రీల మైత్రిని గూర్చియు పెద్దలు వ్రాయుచున్నారు. మేము మాత్రము ఒక ఊరి వీధులను గూర్చి వ్రాయ తలపెట్టితిమి. ఇది సంఘ చరిత్రలో చేరునా అని ఎవరైనను అడుగవచ్చును. బందరులో సంఘము కట్టబడినది వీధి ప్రక్కనే గాని కొండమీద కాదు. ఆదివారము ఉదయము మందిరమునకు పోవు మనిషి ముందుగా ఒక అంగడిని, ఒక అరుగును, ఒక మురుగు కాలువను దాటియే పోవును. ఆ త్రోవ ఎవరు వేసిరి, ఆ పేటకు ఆ పేరెట్లు వచ్చెను, ఆ త్రోవను నడుచుటకు ఎవరికి హక్కుండెను, ఎవరికి లేకుండెను అను సంగతులు మన పిల్లలకు చెప్పవలసినవే.

బందరు కాలినడకన చూడవలసిన ఊరు. బస్సులో వచ్చినవారికి అది పది నిమిషములలో అయిపోవును, కంటికేమియు కనబడదు. నేల అరచేయివలె చదునుగా ఉండును. ఎక్కిదిగు శ్రమ లేదు. ఎండకాలము మధ్యాహ్నము నడువుమని ఎవరికిని చెప్పము. సాయంకాలము నాలుగు దాటిన తరువాత సముద్రపు గాలి తిరుగును. అప్పుడు అంగళ్లవారు వాకిట నీళ్లు చల్లుదురు, తోపుడు బండ్లు బయటికి వచ్చును, వృద్ధులు అరుగులమీదికి చేరుదురు. ఊరు చూచుటకు అదే వేళ.

కాగితములలో మచిలీపట్టణము, నోట బందరు. బందరనగా పారసీక భాషలో ఓడరేవు. గోలకొండ నవాబుల నాడు పారసీక వర్తకులు ఇచట దిగి ఏ మాట పలికిరో ఆ మాటనే మన రైతులు నేటికిని పలుకుచున్నారు. బెజవాడలో అన్నిటికంటె పెద్ద వీధికి బందరు రోడ్డని పేరు. ఆ వీధిలో నడుచువారిలో పదింట తొమ్మిదిమంది బందరు చూడనివారే. మచిలీపట్టణమను పేరుకు చేపతో చుట్టరికము చెప్పువారున్నారు. దానికంటె పాత సంగతి యొకటి కలదు. క్రీస్తు శకము 2వ శతాబ్దమున టాలెమీ అను భూగోళ శాస్త్రజ్ఞుడు ఈ తీరమును మైసోలియా అని వ్రాసియున్నాడు. అనగా మన సువార్తికుల పుస్తకములు వ్రాయబడిన కాలమునకు కొంచెము ఇటుగా ఈ తీరము పేరు గ్రీకు చదివిన లోకమునకు తెలిసియేయున్నది.

ఊరి చరిత్ర చదువుటకు పుస్తకము అక్కరలేదు, పేటల పేర్లు చాలును. వలందపాలెము, పరాసుపేట, ఇంగ్లీషుపాలెము. హాలండు దేశస్థులు తెలుగువారి నోట వలందులైరి. వారి మకాము వలందపాలెమాయెను. ఫ్రెంచివారు పరాసులైరి. 1606 నాటికే డచ్చివారు ఇచట వర్తకపు కొట్టు పెట్టిరి. 1611లో గ్లోబు అను ఓడలో ఇంగ్లీషువారు వచ్చి తమ కొట్టు పెట్టిరి. అప్పటికి మద్రాసు పట్టణము పుట్టలేదు. కలకత్తా మాట చెప్పనే అక్కరలేదు. ఫ్రెంచివారు 1669లో వచ్చిరి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని రాత్రివేళ బురద దాటి వచ్చి కోటను ఫ్రెంచివారి చేతినుండి పట్టుకొనెను. అంతటితో ఉత్తర సర్కారుల రాత మారిపోయెను. ఇంత యుద్ధము, ఇంత వర్తకము, ఇంత రక్తము జరిగిన తరువాత మిగిలినదేమనగా మూడు పేర్లు. నేడవి రేషను కార్డులమీదను, పెండ్లి పత్రికలమీదను అచ్చగుచున్నవి. పరాసుపేటలో కాపురమున్న అవ్వను పరాసులనగా ఎవరమ్మా అని అడిగిన, ఏమో నాయనా, పూర్వమెప్పుడో ఉన్నవారట అనును. అంతకంటె మంచి చరిత్ర పాఠము మేమెక్కడను వినలేదు.

ఈ మూడు జాతులవారు వెదకుచు వచ్చినది ముఖ్యముగా బట్టను. పత్తి బట్టమీద కలముతోను చెక్క అచ్చులతోను వేసిన పువ్వులు, లతలు పారసీక దేశమునకును, తూర్పు దీవులకును, తరువాత ఐరోపాకును పోయెను. ఆ పని ఇప్పుడు బందరులో కంటె ప్రక్కనున్న పెడనలో ఎక్కువ. బట్టను కరక్కాయ నీటిలో తడిపి ఆరవేయుదురు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లపు నీటిలో నానవేసి నలుపు తీయుదురు. ఎరుపు రంగు పట్టవలసినచోట పటిక అద్దుదురు. తరువాత పారునీటిలో ఉతుకుదురు, రంగుతో ఉడుకబెట్టుదురు. నిలువనీటిలో ఉతికిన రంగు చెదరిపోవును. అందుచేత కాలువలు పారు కాలమే వారి పని కాలము. బందరు బజారులో దుప్పటి కొనువారు దానిని ముక్కు దగ్గర పెట్టుకొని చూడవలెను. అసలు సరుకుకు కొంచెము కరక్కాయ వాసన ఉండును. అంగడివాడు నవ్వినను సరే.

రాబర్టుసనుపేటను గూర్చి కొంచెము ఎక్కువ వ్రాయవలసియున్నది. ఈ పేరు విని అది మిషను దొరల పేరని మనవారిలో కొందరు తలంచుట కలదు. కాదు. ఆయన కుంపిణీవారి కలెక్టరు. 1830 ప్రాంతమున ఊరిలో క్రొత్తగా ఒక పేట కట్టించి, నడుమ బజారు ఏర్పరచి, దానికి తన పేరు పెట్టెను. బజారునకు అందము కావలెను గదా. అమరావతిలో భగ్నమైపోయిన బౌద్ధుల మహాస్తూపమునుండి చెక్కిన సున్నపురాతి పలకలను తెప్పించి, బజారు నడుమ ఒక దిబ్బ వేయించి, దానికి అలంకారముగా నిలిపించెను. దాదాపు 2000 సంవత్సరముల క్రితము కృష్ణ ఒడ్డున ఉలిపట్టిన శిల్పులు చేసిన పని బందరు కూరగాయల బేరముల మధ్య నిలిచెను! తరువాత మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చినప్పుడు వానిని చూచి, ఇవి బజారులో ఉండతగినవి కావని, మద్రాసు పంపవలెనని కోరెను. వెంటనే పంపినవారు లేరు. కొన్ని పలకలు అలెగ్జాండరు అను ఉద్యోగి తోటలో చాలకాలముండెను. తుదకు 19వ శతాబ్దము మధ్యకాలమున మద్రాసు మ్యూజియము చేరెను.

ఈ సంగతిని చదివినప్పుడు మాకు రెండు విధముల ఆలోచన కలుగుచున్నది. ఒక ఊరి రాళ్లను మరియొక ఊరి అలంకారమునకు పెరికి తెచ్చుట తప్పే. కాని అమరావతిలో మిగిలిన రాళ్లలో అనేకములను సున్నము కొరకు కాల్చివేసిరి. బజారుకు వచ్చినవి బ్రతికెను. మరియొక మాట. అవి బజారులోనున్న కొద్దికాలము గంప నెత్తిన పెట్టుకొని వచ్చిన ఆడమనిషి కూడ వానిని ఉచితముగా చూడగలిగెను. మ్యూజియము చేరిన తరువాత బందరువారెవరు చూచిరి? నేడు రాబర్టుసనుపేటలో నడుచువారికి ఆ దిబ్బను చూపువారు లేరు. కనీసము ఒక చిన్న ఫలకమైనను పెట్టించిన బాగుండునని పురపాలకులకు ఈ పుటలనుండి మనవి చేయుచున్నాము. 1866లో పురపాలక సంఘమై, 2015లో నగర పాలక సంస్థయైన ఊరికి ఒక ఫలకము భారము కాదు.

ఇక కోనేరు సెంటరు. బందరులో ఎవరిని ఎచట కలియవలెనన్నను కోనేరు సెంటరులోనే. ఊరేగింపులు, ఎన్నికల సభలు, నిరాహార దీక్షలు, దసరా వేషములు, క్రిస్మసు బట్టల బేరములు అన్నియు అక్కడనే. చుట్టుప్రక్కల లంకలనుండియు పల్లెలనుండియు వచ్చినవారు ముందుగా ఆసుపత్రి పనియో, కోర్టు పనియో, కలెక్టరు కచేరి పనియో చూచుకొని, మిగిలిన పొద్దును ఇక్కడ గడుపుదురు. జిల్లా కేంద్రమైన ఊరి బజారునకు ఇది ఒక ప్రత్యేకత. వచ్చినవారిలో సగము మంది కొనుటకు రాలేదు, వాయిదా వేయబడి వచ్చినారు. వాయిదా పడినవాడు తిరిగి పోవుచు పిల్లలకు లడ్డు కొనును. బందరు మిఠాయి అంగళ్లు కోర్టులవలన బ్రతుకుచున్నవని మా పెద్దలలో ఒకరు పరిహాసమాడెడివారు.

ఆ లడ్డును గూర్చి తెలియనివారు లేరు గాని చేయు విధము తెలిసినవారు తక్కువ. శనగపిండిని కలిపి నేతిలో పూసగా వండుదురు. దానిని రోటిలో వేసి మెత్తగా దంచి జల్లించుదురు. బెల్లపు పాకముతో కలిపి మరల దంచుదురు. నేయి పోయుచు, ఏలకుల పొడి చల్లుచు దంచుచునే యుందురు. అందుచేతనే దానికి తొక్కుడు లడ్డు అని పేరు. పంచదార బూందీ లడ్డువలె పళ్లక్రింద పలుకదు, నాలుకమీద కరగిపోవును. సందులలో నడుచునప్పుడు రోకటి చప్పుడు వినబడినచో లోపల లడ్డు తయారగుచున్నదని అర్థము. నేడు కొన్నిచోట్ల మరలు వచ్చినవి. 2017లో ఈ లడ్డుకు భౌగోళిక గుర్తింపు లభించెను. నల్లని బందరు హల్వా సంగతి వేరు. దానిని బుందేలుఖండమునుండి వచ్చిన బొందిలీలు తెచ్చిరని ఊరిలో చెప్పుకొందురు. గోధుమలు నానవేసి, రుబ్బి, పాలు తీసి, బెల్లపు పాకములో పోసి, గంటల తరబడి త్రిప్పుచుండవలెను. చేయి ఆగిన అడుగంటును. బెజవాడలోను హైదరాబాదులోను బందరు లడ్డు అను పలక కట్టిన అంగళ్లు అనేకములున్నవి. బందరువారు వానిని చూచి ఏమియు అనరు, చిరునవ్వు నవ్వుదురు.

చిలకలపూడి నగలు మరియొక వింత. రాగిమీదను ఇత్తడిమీదను పలుచని బంగారపు పూత పూసి చేసిన గాజులు, గొలుసులు, దుద్దులు దేశమంతటికిని ఇచటనుండి పోవుచున్నవి. తీగ లాగువారొకరు, రాళ్లు పొదుగువారొకరు, మెరుగు పెట్టువారొకరు. ఒక నగ నాలుగైదు ఇండ్లు తిరిగి అంగడికి వచ్చును. ఇందులో ఆడవారి కూలిపని చాలయున్నది. కవరింగు నగలని వెక్కిరించువారు కలరు. మా సంఘములలో ఎందరో తల్లులు కుమార్తె పెండ్లికి అప్పు చేయక, చిలకలపూడి గొలుసుతో గౌరవముగా పంపినారు. ఆ గొలుసును మేమెన్నడును వెక్కిరింపజాలము.

ఇంతవరకు అందమునే వ్రాసితిమి. ఈ వీధులు అందరికిని ఒకే విధముగా తెరచియుండెనని వ్రాసినచో అది అబద్ధమగును. మా తాతలు డెల్టా పల్లెలనుండి పడవమీదను, బండి వెనుక నడిచియు బందరు వచ్చెడివారు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన తరువాత కాలువలే రహదారులు. బెజవాడ నుండి బందరునకు రైలు 1908లో గాని రాలేదు. వచ్చిన మనవారు కొన్ని వీధుల మొదట చెప్పులు విడిచి చంకన పెట్టుకొనవలసి వచ్చెడిది. కొన్ని వీధులలోనికి అసలు పోరాదు. అంగడివాడు సరుకును చేతికి ఈయక అరుగుమీద పెట్టును. డబ్బును కూడ అరుగుమీద పెట్టవలెను, దానిమీద నీళ్లు చల్లి తీసికొనును. దాహమైన దోసిలి పట్టవలెను. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పునప్పుడు కోపము లేకుండ చెప్పెడిది. ఆ కోపము లేకపోవుటయే మాకు ఎక్కువ బాధగానుండెడిది. బజారు చుట్టు నడిచి వచ్చుట కొందరికి వినోదమై, కొందరికి పరీక్షయై యుండిన దినములవి.

మిషనువారి సంగతియు ఉన్నదున్నట్లు వ్రాయవలెను. 1841లో రాబర్టు నోబిలు దొరగారును హెన్రీ ఫాక్సు దొరగారును బందరు చేరిరి. ఫాక్సు దొరగారు వీధులలోను పల్లెలలోను తిరిగి బోధించుటకును, నోబిలు దొరగారు బడి నడుపుటకును పని పంచుకొనిరి. ఫాక్సు దొరగారు ఆరోగ్యము చెడి 1848లో స్వదేశమున మరణించిరి. నోబిలు దొరగారు 1843లో బడి తెరచి, 24 సంవత్సరములు ఒక్కసారియైనను ఇంగ్లండు పోక, 1865లో బందరులోనే కన్నుమూసిరి. అట్టి త్యాగమును తక్కువచేయు తలంపు మాకు లేదు. కాని ఆ బడి పై కులముల బాలుర కొరకు పెట్టిన బడి. మాల మాదిగ పిల్లలకు అందులో చోటులేదు. వారిని చేర్చుకొనిన తక్కినవారు రారని దొరగారి ఎంచిక. 1852లో విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మము పొందినప్పుడు ఊరు అట్టుడికిపోయెను, బడి దాదాపు ఖాళీ అయ్యెను. అంత జాగ్రత్తపడినను ఊరు అలజడి కాక మానలేదన్నమాట. అటుపిమ్మట 1859లో రాఘవాపురమున మాల కులస్థుడైన పగోలు వెంకయ్యగారు డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందిరి. ఆ త్రోవను వేలమంది వచ్చిరి. బందరు పట్టణపు బడిలో తలుపు దొరకనివారు పల్లెలలో సంఘమైరి. వారి మనుమలు తరువాత అదే బడి మెట్లెక్కి చదువుకొని, అదే బజారులో చెప్పులతో నడిచి, అవే అంగళ్లలో బేరమాడిరి. చట్టములు వచ్చినవి, కాలము మారినది అని ఒక్క మాటలో చెప్పివేయవచ్చును. మొదటిసారి చెప్పులు విడువక ఆ వీధిలో అడుగుపెట్టినవాని గుండె ఎట్లు కొట్టుకొనెనో ఏ చరిత్రకారుడును వ్రాయలేదు.

క్రిస్మసు రాత్రుల సంగతి ఇచటనే చెప్పవలెను. పెట్రోమాక్సు దీపము ఒకరు నెత్తిన పెట్టుకొని, కంజరయు తాళములును పట్టుకొని, పాటలు పాడుచు యౌవనస్థులు పేటలన్నియు తిరిగెడివారు. మన ఇండ్లముందే కాదు, ఇతరుల ఇండ్లముందు కూడ కిటికీలు తెరచుకొనెడివి. హిందూ సోదరులు పిల్లలను నిద్రలేపి చూపెడివారు. మహమ్మదీయ సోదరులు టీ నీళ్లు పోయించెడివారు. పూర్వము పగటివేళ పోరాని సందులలో అర్ధరాత్రి పాటతో పోగలుగుట మా పెద్దలకు ఎంత సంతోషమో! మా పెదనాన్నగారు తుదివరకు ఏ వీధిలో ఏ పాట పాడిరో వరుసగా చెప్పెడివారు.

ఈ ఊరు ఒకసారి దాదాపు నశించిన ఊరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతోపాటు ఉప్పెన వచ్చెను. మామూలు పోటుకంటె 13 అడుగుల ఎత్తున సముద్రము ఊరిమీదికి ఎక్కెను. ఊరిలోను చుట్టుప్రక్కలను చనిపోయినవారు 30,000 అని నాటి లెక్క. షార్కీ దొరసానిగారి బడిలోని బాలికలు కొందరు ఆ నీటిలోనే పోయిరి. బావులన్నియు ఉప్పనైపోయెను. నోబిలు దొరగారు ఆ మరుసటి సంవత్సరమే మరణించిరి. కోటలోని దండును ప్రభుత్వము తీసివేసెను. కలకత్తా, మద్రాసులు పెరిగి, రేవు మేటవేసి, పెద్ద ఓడలు దూరముననే లంగరు వేయుచున్న కాలమది; ఆపైన ఇది. ఇట్టి దెబ్బతిన్న రేవులు లోకములో చాలవరకు పల్లెలైపోయినవి. బందరు కాలేదు. ఎందుచేత? మా తలంపులో జిల్లా కచేరి, బడులు, బజారు అను మూడును నిలబెట్టినవి. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు ఇది కేంద్రము. కచేరి ఉన్నందున వకీళ్లు, వకీళ్లున్నందున బడులు, బడులున్నందున పత్రికలు. మరల 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు సహాయ కార్యములు బందరు మీదుగానే సాగెను. ఆ దినములలో ఈ వీధులగుండ బియ్యపు బస్తాలతో పోయిన లారీలు మాలో కొందరికి జ్ఞాపకమే.

1902లో ఈ ఊరినుండి కృష్ణాపత్రిక వెలువడెను. 1907 మొదలు 1945లో తాను మరణించువరకు ముట్నూరి కృష్ణారావుగారు దానిని నడిపిరి. సాయంకాలము పత్రికా కార్యాలయమున జరిగిన గోష్ఠికి దర్బారని పేరు. ఊరిలో షికారు పోవువారు అచట ఆగి మాట విని పోయెడివారట. కోపల్లె హనుమంతరావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, కృష్ణారావుగారు కలిసి జాతీయ కళాశాలను నిలిపిరి. జాతీయ జెండాతో పేరు ముడిపడిన పింగళి వెంకయ్యగారు అచట పనిచేసిరి. బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు పుట్టినది ఈ ఊరనే. వారు నోబిలు కాలేజీలో బోధించిరి. 1923 నవంబరులో పట్టాభిగారు లక్ష రూపాయల మూలధనముతో ఆంధ్రా బ్యాంకును బందరులో ఆరంభించిరి. అంత పెద్ద బ్యాంకు ఈ చిన్న బజారులో పుట్టెనా అని అన్యులు ఆశ్చర్యపడుదురు. బట్టల వర్తకులు, వకీళ్లు, రైతులు రోజూ ఒకే వీధిలో ఎదురుపడు ఊరిలో అది పుట్టుట వింత కాదు. ఒకరి మాట ఒకరికి పూచీ. 2020 ఏప్రిలు 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయెను. బోర్డు మార్చిన దినమున పాత ఖాతాదారులలో ఒకరు చాలసేపు ఎదురుగా నిలిచి చూచి వెళ్లిరి.

వీధుల రూపము ఇప్పుడు వేగముగా మారుచున్నది. పూర్వపు ఇండ్లకు ముందు అరుగు, దానిమీద కొయ్య స్తంభములు, పైన పెంకు వసారా, లోపల మండువా. అరుగు ఇంటివారిదే యైనను ఎండకో వానకో దారిన పోవువాడు కూర్చుండిన ఎవరును లేవుమనెడివారు కారు. కులము అడిగినచోట్ల మాట వేరు. నేడు వీధిని వెడల్పు చేయుటకు అరుగులు పోవుచున్నవి. అరుగు పోయినచోట ఇనుప షట్టరు వచ్చును. వెడల్పు వలదనుట లేదు. అంబులెన్సు పోవలెను, ఊరు పెరుగవలెను. కాని కొనుటకు డబ్బులేని ముసలివాడు బజారులో ఎక్కడ కూర్చుండవలెను? మా సంఘములోని వృద్ధులు ఆరాధన ముగిసిన తరువాత నాలుగు అరుగుల దగ్గర ఆగి ఇల్లు చేరెడివారు. ఇప్పుడు ఆటో ఎక్కి తిన్నగా పోవుచున్నారు. ఆలస్యముగా వచ్చుచున్నారేమని ఇంటివారు అడుగు పని తప్పినది, అంతే. పాత ఇంటి కొయ్య స్తంభములను విప్పి అమ్మువారికి మేము చెప్పునదొకటే: అమ్ముటకు ముందు ఒక ఫోటో తీసి, కట్టించినవారి పేరు, సంవత్సరము వెనుక వ్రాసియుంచుడి.

చూడవలసినవి ఇంకను రెండున్నవి. డచ్చివారి సమాధుల తోట ఒకటి. పురావస్తు శాఖవారి సంరక్షణలో ఉన్నది. రాతిమీద వంశ చిహ్నములు, ఓడలవారి పేర్లు, చిన్న వయసున పోయిన భార్యల పేర్లు లోతుగా చెక్కబడియున్నవి. భాష తెలియకున్నను అంకెలు చదివిన చాలును. ఎంత చిన్నవారు వచ్చి ఎంత త్వరగా పోయిరో తెలియును. రెండవది కోట. ఊరినుండి అటువైపు పోవు త్రోవ నేరుగా ఉప్పునేలల నడుమ పోవును. 1673లో ఇచటికి వచ్చిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్రయర్ నాడు ఈ బురదమీద పొడవైన కర్రవంతెనలుండెను. ఇప్పుడు తారు రోడ్డు. కోటలో కూలిన గోడలు, ఆయుధశాల మిగిలియున్నవి, మేకలు మేయుచుండును. మంగినపూడి వైపు క్రొత్త రేవుకు 2023లో పనులు ఆరంభించిరి. బందరు అను పేరుకు మరల అర్థము వచ్చునేమో చూడవలెను. కోటకు పోదలచినవారు మధ్యాహ్నము మూడు గంటలకు బయలుదేరి, దీపములు పెట్టువేళకు తిరిగి కోనేరు సెంటరు చేరవలెను. పొద్దుగుంకిన తరువాత అక్కడ నిలుచుట మంచిది కాదు. దయ్యములని కాదు; బందరు దోమలు.